ఎడమ పాదం అట్ట

ఆ ఇంట్లో ఉదయం టీ ఆయన పెట్టాలి. పెళ్ళయిన కొత్తలో మొదలైన అలవాటది. మిగతా వంటంతా ఆమెది, టీ మాత్రం ఆయనది. స్టవ్ ముందు నిలబడి, పాలు పొంగిపోకుండా కాపలా కాస్తూ, లోపల్లోపల దేవుణ్ణి తలుచుకుంటూ, రెండేసి చెంచాల చక్కెర వేసి తిప్పే ఆ కాసేపూ ఇల్లంతా సవ్యంగా ఉన్నట్టు అనిపించేది ఆయనకి. ఈమధ్య అలా అనిపించడం లేదు. టీ దించే వేళకి, తాగాల్సిన మనిషి ఇంట్లో ఉండటం లేదు.

గేటు చప్పుడైంది. చెమటతో తడిసిన చొక్కా, నుదుటికి అంటుకుపోయిన జుట్టుతో ఆమె లోపలికొచ్చింది. గుమ్మంలో బూట్లు విప్పుతూ గోడ పట్టుకుని ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ఆయన చూశాడు. అలసట అనుకున్నాడు.

"వచ్చిందమ్మా ఒలింపిక్స్ నుంచి!" హాల్లో కుర్చీలోంచి పెద్దావిడ గొంతు. "మెడల్ ఏదీ?"

"రేపు తెస్తాను అత్తయ్యా. ఇవాళ షాపు తెరవలేదు."

ఆయన టీ గ్లాసు బల్ల మీద కాస్త గట్టిగానే పెట్టాడు. "చల్లారిపోయింది. మళ్ళీ వేడి చెయ్యను."

"ఫరవాలేదు, ఇలాగే తాగుతాను."

ఇదంతా మొదలైంది వాళ్ళమ్మాయి వల్ల. నోరు మూతపడదని ఆ పిల్లని అందరూ పిచ్చుక అంటారు. కిందటి వేసవిలో పిచ్చుక ఈత నేర్చుకుంటానని గొడవ చేసి చేరింది, నెల తిరక్కుండా నీళ్ళు వాసనొస్తున్నాయని మానేసింది. రోజూ గట్టు మీద బెంచీలో కూర్చుని కూతురి తువ్వాలు కాపలా కాసిన తల్లి, ఖాళీ అయిన ఆ చోట తను దిగింది. తర్వాత పిచ్చుక వదిలేసిన సైకిలు బయటికి తీసింది. అక్కడెవరో పరిచయమై పరుగులోకి లాగారు. ఈత, సైకిలు, పరుగు, మూడూ ఆపకుండా ఒకదాని వెంట ఒకటి చేసే పోటీ ఒకటుందట. దాని పేరు ట్రయాథ్లాన్. కొత్తవాళ్ళకి చిన్న దూరాలు పెడతారట. పై నెలలో ఊరి బయట సరస్సు దగ్గర. ఆమె పేరిచ్చి వచ్చింది. మందుల షాపు కౌంటర్ వెనక రోజంతా నిలబడి, ఇంటికొచ్చి వంట చేసే మనిషి! ఈ వయసులో ఎవరి మెప్పు కోసం ఈ పరుగులని ఆయనకి ఒళ్ళు మండిపోయేది.

టీ సగం తాగి ఆమె అంది. "శనివారం సాయంత్రం పిచ్చుకని క్లాసు నుంచి మీరు తీసుకొస్తారా? నాకు బయట పనుంది."

"ఏం పని?"

"బూట్లు కొనుక్కోవాలి. ఇవి పరుగుకి పనికిరావంది కోచ్."

"నువ్వు కొనుక్కోవడమేమిటి? నేను తెస్తానుగా."

ఆమె గ్లాసులోకి చూస్తూ, మాటలు కూడదీసుకుంది. "అలా కాదండీ. అక్కడ పాదాలు కొలుస్తారట. మెషిన్ మీద పరుగెత్తించి, కాలు ఎలా పడుతోందో చూసి ఇస్తారట."

"కొలత మన దగ్గర లేదా?"

"వాళ్ళకి అట్ట కాదండీ. కాళ్ళు కావాలి."

ఆయన మొహం మాడిపోయింది.

ఆ అట్టల సంగతి చెప్పాలి. ఆయనది పుస్తకాల బైండింగ్ షాపు. అంతకుముందు వాళ్ళ నాన్నది. అట్ట, కత్తి, జిగురు, దారం, ఇవే వాళ్ళింట్లో అన్నం పెట్టిన దేవుళ్ళు. ఇంట్లోవాళ్ళని చెప్పుల షాపుకి తిప్పకుండా, పాదాన్ని అట్ట మీద పెట్టించి, చుట్టూ పెన్సిల్‌తో గీసి, కత్తితో కోసి, ఆ ముక్క పట్టుకెళ్ళి దాని కొలతకి జోళ్ళు తేవడం ఆ నాన్న మొదలుపెట్టాడు. ఎడమ పాదం ఒక్కటే గీస్తే చాలు, తిరగేస్తే అదే కుడిది. తలుపు వెనక మేకుకి ఆ అట్టలన్నీ దారంతో వేలాడుతూ ఉంటాయి. ఒకదాని మీద 'అమ్మ', ఒకదాని మీద 'నేను', ఒకదాని మీద 'పిచ్చుక'. నాలుగో దాని మీద 'తను'. కొత్త పెళ్ళికొడుకు భార్య పేరు రాయడానికి సిగ్గుపడి అలా రాసుకున్నాడు. పిచ్చుక అట్ట ఏడాదికోసారి మారేది. తక్కినవి మారలేదు. పెద్దవాళ్ళ పాదాలు పెరుగుతాయా ఏమన్నానా?

"పెళ్ళయినప్పటి నుంచీ నీ కాలికి జోడు తెచ్చింది నేను," అన్నాడాయన. "ఇవాళ ఎవడో మెషిన్ పెట్టుకున్నవాడు చెప్పాలా నీ పాదం ఎంతో?"

"అయ్యో, మీ మీద నమ్మకం లేక కాదు..."

"మరి?"

ఆమె ఏదో అనబోయి, గ్లాసు తీసుకుని లేచింది. స్నానానికి వెళ్ళిపోయింది.

"నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది చూశావా?" అంది పెద్దావిడ. "ఆడది పరుగులు నేర్చిందంటే ముందు మొగుడి మాటకే దూరంగా పరుగెత్తుతుంది."

"నానమ్మా, నువ్వు కుర్చీలోంచే అందరికంటే ఫాస్టు," అంది పిచ్చుక జడ వేసుకుంటూ.

గురువారం నాడు ఆయన పని మధ్యలో ఆపి లేచాడు. తలుపు వెనక నుంచి తెచ్చుకున్న అట్ట జేబులో ఉంది. ఆమె చెప్పిన షాపు ఎక్కడో తెలుసు, ఆ చుట్టుపక్కల పరుగు బూట్లు అమ్మేది అదొక్కటే. అక్కడ చూయింగ్ గమ్ నములుతున్న అమ్మాయి, "ఎవరికి అంకుల్? వాళ్ళని తీసుకురండి, కొలుస్తాం" అంది. ఆయన వినలేదు. షెల్ఫులోంచి ఒక్కో జతా తీసి, అట్టని లోపలికి తోసి, వేలితో తడిమి, అటూ ఇటూ కదలకుండా అతికినట్టు సరిపోయిన జత పట్టుకుని ఇంటికొచ్చాడు. నీలం బూట్లు. మంచివి. తన కోసం అంత మంచివి ఆయన ఏనాడూ కొనుక్కోలేదు.

దారి పొడుగునా ఊహించుకున్నాడు. డబ్బా తెరవగానే ఆమె మొహం ఎలా వెలుగుతుందో, శనివారం ప్రయాణం దానంతటదే ఎలా రద్దవుతుందో.

ఆమె పని నుంచి వచ్చి ఇంకా సంచి దించలేదు. "కూర్చో," అన్నాడు. కుర్చీలో కూర్చోబెట్టి, ఎప్పటిలాగే తను ఎదురుగా నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుంది. పిచ్చుక ఫోను పక్కన పెట్టింది. ఆ ఇంట్లో కొత్త జోడు వచ్చిందంటే చిన్నపాటి వేడుకే. ఆయన స్వయంగా తొడుగుతాడు, బొటనవేలితో ముందు వైపు నొక్కి చూస్తాడు, తల పైకెత్తి అడుగుతాడు.

నీలం బూట్లు ఆమె పాదాలకి ఎక్కించాడు. లేసులు కట్టాడు. నొక్కాడు. తల పైకెత్తాడు.

"సరిపోయాయా?"

ఆమె ఆయన వంక చాలాసేపు చూసింది. పెదవులు ఎప్పటి మాటకి సిద్ధమయ్యాయి కూడా. తర్వాత ఎందుకో ఆగాయి.

"పట్టలేదండీ."

ఆయన బొటనవేలు బూటు మీదే ఉండిపోయింది.

"కొత్తవి కదా," అన్నాడాయన నవ్వడానికి ప్రయత్నిస్తూ. "రెండు రోజులు వేసుకుంటే సాగుతాయి."

"ప్రతిసారీ అదే మాట. ఏవీ సాగలేదు."

"అంటే?"

"అంటే ఇన్నేళ్ళలో మీరు తెచ్చిన ఏ జోడూ నాకు పట్టలేదు."

ఆమె వంగి లేసులు విప్పింది. బూట్లు తీసింది, మేజోళ్ళు లాగేసింది. గోళ్ళకి ముదురెరుపు రంగు. ఎప్పుడూ ఉండే రంగే. ఆమె సంచిలోంచి దూదీ, చిన్న సీసా తీసి, అందరి ముందూ కుడి కాలి బొటనవేలి గోటిని తుడిచింది. ఎరుపు పోయింది. కింద గోరు నల్లగా ఉంది. పక్క వేలిదీ అంతే. మూడో వేలికి సగం గోరే లేదు.

పిచ్చుక, "అమ్మా!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆయన కళ్ళు ఆ గోళ్ళ మీది నుంచి కదల్లేదు. ఆమెకి ఆ రంగంటే ఇష్టమని ఆయన అనుకున్నాడు. సీసా అయిపోవచ్చినప్పుడల్లా అడక్కుండానే కొత్తది తెచ్చిపెట్టాడు. 'మీ ఆవిడకి సోకు ఎక్కువే' అని అమ్మ వెక్కిరిస్తే, పోనీలే అమ్మా, సరదా, అని వెనకేసుకొచ్చాడు కూడా. ఏం మాట్లాడాలో తెలియక, తెలియనప్పుడు మనిషి దేన్ని పట్టుకుంటాడో దాన్నే పట్టుకున్నాడు. కోపాన్ని.

"అంటే ఇన్నాళ్ళూ నాకు అబద్ధం చెప్పావన్నమాట."

"నొప్పి నాది కదండీ. అబద్ధం మీకెందుకు బరువు?"

"అడగలేదా నేను? ప్రతిసారీ నీ కాళ్ళ దగ్గర కూర్చుని మరీ అడగలేదా?"

"అడిగారు!" ఆమె గొంతు మొదటిసారి లేచింది. "మోకాళ్ళ మీద కూర్చుని, తల పైకెత్తి, బహుమతి తెచ్చిన పసివాడిలా చూస్తూ అడిగారు. అలా అడిగితే కాదనడం ఎలాగో నాకు చేతకాలేదు. ఒకసారి కాదనలేదు, రెండోసారి కాదంటే, మొదటిసారి ఎందుకు చెప్పలేదంటారని ఊరుకున్నాను. అలా అలా ఇంతదూరం వచ్చింది."

"ఓహో! ప్రేమగా అడగడం కూడా నా తప్పేనా?"

"నా తప్పే. ఇప్పుడు దిద్దుకుంటున్నాను."

"బాగుందమ్మా దిద్దుబాటు!" పెద్దావిడ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. "మీ మామగారు తెచ్చిన జోళ్ళే ఆయన పోయేదాకా వేసుకున్నాను నేను. ఒక్కనాడు నోరెత్తానా? కష్టపడి తెచ్చినదాన్ని మొహాన కొట్టడం నాకు మా అమ్మ నేర్పలేదు."

"అత్తయ్యా, ఇది మా ఇద్దరి సంగతి."

"ఈ ఇంట్లో నా చెవిన పడకుండా ఇద్దరి సంగతంటూ ఏదీ లేదు!"

"అమ్మా, నువ్వుండు," అన్నాడాయన. మెల్లగా లేచి నిలబడ్డాడు. ఆయన గొంతు అప్పుడు పెద్దగా లేదు, అందుకే వినడానికి భయం వేసింది. "కాలికి పట్టనిదాన్ని ఇన్నేళ్ళు పట్టిందన్నావు. అంత బాగా చెప్పావు, నేను నమ్మాను. మరి ఇంకా వేటిని సరిపోయాయన్నావు? ఈ ఇల్లా? మా అమ్మా? నేనా?"

ఆమె తల ఎత్తింది. "చెప్పమంటారా? వినే ఓపిక ఉందా?"

ఉందనలేకపోయాడు. ఆ క్షణాన ఆయనకి కావలసింది నిజం కాదు, అడిగిన ప్రశ్న వెనక్కి తీసుకునే దారి.

"ఈ పోటీ గీటీ మానెయ్," అన్నాడు. "బూట్లూ వద్దు, పరుగూ వద్దు. గొడవ దీంతోనే మొదలైంది."

"మానను."

"అయితే నాతో మాట్లాడకు."

"సరే."

ఆ సరే అన్న తీరు ఆయన్ని ఎక్కువగా నొప్పించింది. బతిమాలుతుందనుకున్నాడు.

మర్నాటి నుంచి ఇంట్లో మాటలన్నీ పిచ్చుక మీదుగా నడిచాయి.

"పిచ్చుకా, ఆ బూట్లు శనివారం నేనే పట్టుకెళ్ళి తిరిగి ఇచ్చేస్తానని మీ అమ్మకి చెప్పు. బిల్లు నా పేరు మీదుంది."

"నాన్నా, అమ్మ నీ పక్కనే ఉంది. చేత్తో తాకొచ్చు."

"నువ్వు చెప్పు."

"అమ్మా, నాన్న ఏదో అన్నారు."

"విన్నానని చెప్పు. నేనూ ఆ వేళకే వెళ్తున్నాను, దారి అందరిదీ, ఆయన ఇష్టమని చెప్పు."

"నాకు జీతం ఇప్పించండి ఎవరో ఒకరు," అంది పిచ్చుక. ఎవరూ నవ్వలేదు.

టీ మాత్రం ఆయన పెట్టాడు. గ్లాసు బల్ల మీద టక్కున పెట్టి వెళ్ళిపోయేవాడు. ఆమె తెల్లవారకుండానే పరుగుకి పోయి, వచ్చాక చల్లారిన ఆ టీ తాగి, కడిగి, బోర్లించేది. పరుగు ఆ పాత బూట్లతోనే. గేటు దాకా కుంటుతూ వెళ్ళే అడుగుల చప్పుడు ఇప్పుడు ఆయనకి వినబడసాగింది. ఇంతకుముందు కూడా ఉండే ఉంటుంది ఆ చప్పుడు.

షాపులో పని సాగలేదు. అట్టకి జిగురు రాసి, కాగితం అంటించడం మరిచి, ఎండిపోయాక మళ్ళీ గీకడం. దేవుడి పటం ముందు నిలబడి రోజూలాగే దణ్ణం పెట్టుకున్నాడు. చల్లగా చూడు స్వామీ, అంతా బాగానే ఉంది, అన్నాడు అలవాటుగా. అన్నాక ఆగిపోయాడు. ఏం బాగుంది? ఎవరికి చెబుతున్నాడీ మాట? అన్నీ తెలిసినవాడి ముందు నిలబడి కూడా, దేవుడి మొహం చిన్నబోతుందేమోనన్నట్టు, అంతా సరిపోయిందనే చెబుతాడు మనిషి. భార్య మీద పెట్టిన నేరం తను రోజూ పొద్దున్నే చేతులు జోడించి చేస్తున్నదేనా? ఆ ఆలోచన ఆయనకి నచ్చలేదు. దణ్ణం సగంలో వదిలేసి కత్తి అందుకున్నాడు.

శనివారం పిచ్చుక క్లాసు ఎగ్గొట్టింది. ముగ్గురూ ఒకే బస్సులో, మూడు వేరు సీట్లలో వెళ్ళారు.

షాపులో అదే అమ్మాయి, అదే చూయింగ్ గమ్. బిల్లు చూసింది, నీలం బూట్లు అడుగు తిప్పి చూసింది. "వాడలేదు కదా, తీసుకుంటాం. అప్పుడే చెప్పాను కదా అంకుల్." తర్వాత ఆమె వైపు తిరిగింది. "మీకేనా ఆంటీ? సాయంత్రం వచ్చారు, మంచిదైంది. కాళ్ళు ఉబ్బే వేళ. పరుగులో కూడా ఇలాగే ఉబ్బుతాయి."

ముందు కూర్చోబెట్టి కొలిచింది, తర్వాత నిలబెట్టి కొలిచింది. ఎడమ పాదం, కుడి పాదం, విడివిడిగా. గోళ్ళు చూసి, "అబ్బా, బాగా నలిగాయి" అని మాత్రం అంది, రోజుకి పది పాదాలు చూసే మనిషిలా. "మీ కుడిది పెద్దది ఆంటీ. ఇప్పటిదాకా ఏ సైజు వేసుకున్నారు?"

ఆమె కాలివేళ్ళు ముడుచుకుంది. పిచ్చుక నాన్న వైపు చూసింది. ఆయన జేబులోంచి అట్ట తీసి కౌంటర్ మీద కొట్టినట్టు పెట్టాడు.

"ఇది."

"ఇదేంటి అంకుల్?"

"కొలత. నా చేత్తో గీసి కోసింది. వెంట్రుకవాసి తేడా ఉండదు."

అమ్మాయికి నవ్వొచ్చింది. నవ్వు దాచుకోకుండానే ఆ అట్టని నేల మీద పెట్టింది. "దీని మీద నిలబడండి ఆంటీ, చూద్దాం."

"వద్దులెండి," అంది ఆమె.

"నిలబడు," అన్నాడాయన. రెండు రోజుల తర్వాత ఆయన ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అది. "అందరూ చూడనీ. నిలబడు."

ఆమె నిలబడింది.

అట్ట కనబడలేదు. 'తను' అన్న అక్షరాలు మడమ కింద మాయమైపోయాయి. వేళ్ళు ముందుకి, మడమ వెనక్కి, పక్కన మడత పడిన మాంసం బయటికి, చుట్టూ పాదమే. పిల్లని కడుపున మోసినప్పుడు సాగిన పాదం. కౌంటర్ వెనక ఇన్నేళ్ళు నిలబడి వెడల్పైన పాదం. దాని కింద ఎక్కడో, కొత్త పెళ్ళికూతురి కాలు.

ఆయన చేసే పనిలో పసిపిల్లాడికి కూడా మొదటి రోజే చెప్పే మాట ఒకటుంది. అట్ట ఎప్పుడూ కాగితాల కంటే చుట్టూ కాస్త బయటికుండాలి. కాగితం అట్టని దాటి బయటికొచ్చిందా, మూలలు నలిగి, నల్లబడి, చిరిగిపోతాయి. ఎవరెవరి పుస్తకాలకో అంచు వదిలాడు ఆయన. ఏ పుస్తకమూ నలగనివ్వలేదు.

ఆయన పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయాడు.

ఇదేమీ పట్టనట్టు ఆ అమ్మాయి తన పని చేసుకుపోయింది. ఏవో మామూలు బూట్లు తొడిగించి ట్రెడ్‌మిల్ ఎక్కించింది. వెనక కెమెరా, గోడ మీద తెర. బెల్టు కదిలింది. ఆమె ముందు నడిచింది, తర్వాత పరుగెత్తింది. తెర మీద చీలమండలు లోపలికి ఒరుగుతూ కనిపించాయి. అమ్మాయి ఏదో వివరిస్తోంది. ఆయన తెర వైపు చూడటం లేదు. భార్య పరుగెత్తడం ఆయన ఇంతకుముందు చూడలేదు. చెమటతో తిరిగి రావడమే చూశాడు. పరుగెత్తుతున్నప్పుడు ఆమె భుజాలు కిందికి దిగి, మెడ నిటారుగా, మొహం ఎవరికీ ఏమీ సర్దిచెప్పక్కర్లేని మొహంలా ఉంది. ఆ మొహం ఇంట్లో ఆయనకెప్పుడూ ఎదురుపడలేదు. అసూయ కలిగింది. దాని వెనకే, ఇలాంటి మనిషి తన ఇంట్లో ఉందా అన్న దిగులు.

ఇంకో జత తెచ్చారు. తెల్లవి. లేసులు కట్టి, బొటనవేలితో ముందు నొక్కి, "ఎలా ఉన్నాయి ఆంటీ?" అంది అమ్మాయి తల పైకెత్తి.

"సరిపోయాయి."

"కాదు," అన్నాడాయన.

అందరూ అటు తిరిగారు. ఆయన స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. మొహం ఎర్రగా ఉంది, గొంతు తగువుకొచ్చినట్టే ఉంది.

"కాదమ్మా. అవి పట్టలేదు. ఇంకో జత తియ్యి."

"ఆంటీ సరిపోయాయంటున్నారు కదా అంకుల్."

"అంటుంది. అలాగే అంటుంది. ఆ మాట, ఆ గొంతు, ఆ తల ఊపడం... ఇన్నేళ్ళు నేను విన్నది ఇదే. అప్పుడు తెలియలేదు, ఇప్పుడు తెలుస్తోంది." ఆమె వైపు తిరిగాడు. "ఇక్కడ నేను కాదుగా మోకాళ్ళ మీద కూర్చుంది! ఈ అమ్మాయి ఏమనుకుంటుందోనని కూడా కాలు నలిపేసుకుంటావా? చెప్పు! ఎక్కడ నొక్కుతోంది?"

"అరవకండి," అంది ఆమె. కళ్ళు నిండిపోయాయి.

"అరుస్తాను. చెప్పేదాకా అరుస్తాను. ఎక్కడ?"

ఆమె వంగి బూటు పక్కన వేలు పెట్టింది. "కుడి కాలు. చిటికెన వేలు దగ్గర."

"అదీ!" అన్నాడాయన, ఏదో గెలిచినట్టు.

"చెప్పొచ్చు కదా ఆంటీ," అంది అమ్మాయి గమ్ నములుతూ. "షాపు నిండా ఉన్నాయి."

ఆ తర్వాత ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఇది మడమ దగ్గర జారుతోంది. ఇది వంపు కింద గుచ్చుతోంది. ఇది బరువు. ఇది ఎందుకో నచ్చలేదు, అంతే. డబ్బాలు గుట్టపడ్డాయి. ఆమె వద్దన్న ప్రతిసారీ పిచ్చుక వేళ్ళు మడిచింది, తర్వాత లెక్క మరిచిపోయింది. ఆయన మాట్లాడకుండా విప్పిన బూట్లని డబ్బాల్లో సర్దుతూ నేల మీద కూర్చున్నాడు.

చివరికి ఓ బూడిదరంగు జత, చూడ్డానికి ఏమంత అందంగా లేనిది, తొడుక్కుని ట్రెడ్‌మిల్ ఎక్కింది. ఎలా ఉందని ఎవరో అడిగారు. ఆమె వినిపించుకోలేదు. పరుగెత్తుతూనే ఉంది. ఆపమన్నా ఆపలేదు.

"అవి కట్టెయ్యమ్మా," అన్నాడాయన.

బస్టాపులో ఇద్దరి మధ్యా బూట్ల సంచి. ఆమె అంది. "నాకింకా కోపంగానే ఉంది."

"నాకూ ఉంది."

"గోళ్ళు నల్లబడ్డాయని కాదు. పోటీ మానెయ్ అన్నారు చూడండి, దానికి."

"తప్పే." ఆయన రోడ్డు వైపు చూస్తూ అన్నాడు. "భయమేసింది. నేను తేనిదేదో నీకు పట్టేసిందని."

బస్సు వచ్చింది. ఈసారి ఒకే సీట్లో కూర్చున్నారు. వెనక సీట్లో పిచ్చుక ఇద్దరి భుజాల మధ్య తల దూర్చి, "ఇక నా ఉద్యోగం ఊడినట్టేనా?" అని అడిగింది.

ఇంటికొచ్చాక ఆయన చేసిన మొదటి పని, తలుపు వెనక మేకు నుంచి 'అమ్మ' అట్ట తీయడం. పెద్దావిడ కుర్చీ ముందు కూర్చున్నాడు.

"అమ్మా, కాలు ఇలా పెట్టు. ఇది నీకు సరిపోతుందో లేదో చూస్తాను."

"నాకేం, బాగానే సరిపోతాయి. నీ పెళ్ళాంలా నేను..."

"అమ్మా."

ఆ పిలుపులో ఏం వినిపించిందో, పెద్దావిడ మాట మధ్యలో ఆగిపోయింది. గుమ్మం దగ్గరున్న తన జోళ్ళ వైపు చూపించింది. ముందు భాగం మూసి ఉండే నల్ల జోళ్ళు. "తీసుకురా."

పిచ్చుక తెచ్చింది. పెద్దావిడ వేళ్ళు లోపలికి దూర్చి, ఒక్కోదాంట్లోంచి ఒక్కో గుడ్డ ఉండ బయటికి లాగింది. నొక్కి నొక్కి రాయిలా అయిపోయిన పాత గుడ్డలు. వేళ్ళ అచ్చులు కూడా పడ్డాయి వాటి మీద.

"మీ నాన్న చెయ్యి పెద్ద చెయ్యి," అంది. "పెన్సిల్ దూరంగా పట్టుకుని గీసేవాడు. అన్నీ వదులే. నడిస్తే ఊడిపోయేవి. ఆయన చూడకుండా గుడ్డ కుక్కుకునేదాన్ని."

కోడలు వచ్చి కుర్చీ పక్కన నిలబడింది.

"చెబుదాంలే, చెబుదాంలే అనుకున్నాను. ఏదో ఒకరోజు నవ్వుతూ చెబితే, ఆయనా నవ్వేవాడే. ఏం, నవ్వేవాడు కాదూ?" పెద్దావిడ ఆ గుడ్డ ఉండల్ని ఒళ్ళో పెట్టుకుంది. "ఇప్పుడు చెబుదామంటే వినడానికి మనిషి లేడు. మొన్న నువ్వు చెప్పేస్తుంటే నాకు ఒళ్ళు మండిందమ్మా. నేను చెయ్యలేని పని చేశావని. నా మొగుడు పోయాక కూడా నాకు చేతకాని పని, నీ మొగుడు ఎదురుగా ఉండగానే చేశావని."

కోడలు ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. పెద్దావిడ ఆ చేతిని తోసెయ్యలేదు. ఆయన ఇద్దరి కాళ్ళ దగ్గరా కూర్చుని, తల దించుకుని, పసివాడిలా ఏడ్చాడు. ఈసారి తల పైకెత్తి ఎవరి మొహంలోకీ చూడలేదు.

మర్నాడు తెల్లవారుజామున ఆమె బూడిదరంగు బూట్లు వేసుకుంటుంటే ఆయన వంటింట్లోంచి వచ్చాడు. టీ ముందే పెట్టాడు, వేడిగా ఉంది. ఆమె గ్లాసు అందుకుంది. ఆయన అక్కడే నిలబడ్డాడు.

"ఆవేళ అడిగాను కదా. ఇంకా వేటిని సరిపోయాయన్నావని."

"అడిగారు."

"ఇప్పుడు వింటాను. ఒక్కొక్కటే చెప్పు. ఒకేసారి అన్నీ వద్దు, తట్టుకోలేను."

ఆమె గ్లాసులోకి చూసింది. పొగ వెనక నుంచి ఆయన్ని చూసింది. పెదవి చివర ఏదో కదిలింది.

"ఈ టీ ఉంది చూశారూ..."

"ఊఁ?"

"పాకం. నోట్లో పెట్టుకోలేను. మొదటి రోజు నుంచీ."

ఆయన గ్లాసులోకి తొంగి చూశాడు. లోపలి గదిలోంచి పెద్దావిడ గొంతు వినిపించింది. "నాకూ అంతే, నాయనా! ఎవరూ అనరేమా అని చూస్తున్నాను!"

ఆమె నవ్వేసింది. నవ్వుతూనే తలుపు తీసుకుని బయటికెళ్ళింది. ఆయన గ్లాసు తీసి సింకులో ఒంపేసి, గిన్నెలో కొత్తగా నీళ్ళు పోసి స్టవ్ మీద పెట్టాడు. చక్కెర డబ్బా దగ్గర చెయ్యి ఆగింది. బయట గేటు పడిన చప్పుడు, దాని వెనక అడుగులు, తర్వాత పరుగు. చెంచా పట్టుకుని చెవి రిక్కించి విన్నాడు. రెండు కాళ్ళూ ఒకేలా పడుతున్నాయి.